ఐదువందల పన్నెండు సారు

ఆయన పోయాడన్న కబురు ఫోనులో చూసినప్పుడు నేను బస్టాండు దగ్గర ఇడ్లీ తింటున్నాను. చదివి, ఫోను బోర్లా పెట్టి, ఇంకో రెండు వేయమన్నాను. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదని మా అమ్మ అంటుంది. మా అమ్మకు ఆయనతో ఎన్నడూ పని పడలేదు.

మా కాలేజీ వాట్సాప్ గ్రూపు నిండా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఒకాయన 'శబ్దశాస్త్రానికి తీరని లోటు' అని రాశాడు. ఇంకొకాయన 'జిల్లా చప్పుళ్ళన్నీ విన్న చెవి మూగబోయింది' అని రాశాడు. చెవి మూగబోవడం ఎట్లాగో ఆయనే చెప్పాలి. నేనేమీ రాయలేదు. రాయబోయి ఫోను జేబులో పెట్టేశాను. దుఃఖం కాదు, ఒళ్ళు మండి.

ఆయన పేరు ఇక్కడ చెప్పను. చెబితే ఆయన ఇంట్లోవాళ్ళు నొచ్చుకుంటారు, వాళ్ళు నాకేమీ అపకారం చేయలేదు. పైగా ఆయనకు పేరంటే ప్రాణం. బతికినన్నాళ్ళూ దానికోసమే బతికాడు. ఆ పేరును నా చేతులతో ఇంకోసారి అచ్చు వేయించడం నాకు ఇష్టం లేదు. ల్యాబులో మేము చాటుగా 'ఐదువందల పన్నెండు సారు' అనేవాళ్ళం. ఇక్కడా అదే చాలు.

తిరుపతి బయట ఒక ఇంజనీరింగు కాలేజీలో నేను ల్యాబు అసిస్టెంటును. ఆయన మా విభాగానికి పెద్ద. రిటైరైనాక కూడా గది ఖాళీ చేయలేదు. తలుపు మీది బోర్డు మాత్రం మార్పించి 'ప్రధాన సలహాదారు' అని రాయించుకున్నాడు. ఆయన డాక్టరేటు దేనిమీదో మాలో ఎవరికీ తెలియదు. అడిగితే, "అది ఇప్పుడు చెప్తే మీకు అర్థం కాదప్పా" అనేవాడు. చెప్పి ఉంటే ఆయనకైనా అర్థమయ్యేదో లేదో.

మనిషి చూడటానికి బాగుండేవాడు. మడత నలగని తెల్ల చొక్కా, నుదుటి మీదికి ఎత్తిన కళ్ళద్దాలు. ఏదైనా చదవాలంటే కళ్ళద్దాలు దించడు, కాగితాన్నే ముక్కు దాకా తెచ్చుకుంటాడు. చదివాక వేలి ఉంగరంతో బల్లను ఒకసారి టక్కున కొట్టి, అప్పుడు నోరు తెరుస్తాడు. ఆ టక్కు తర్వాత ఇంకెవరూ మాట్లాడకూడదు. కొత్తగా చేరిన లెక్చరరు ఒకామె తెలియక ఒకసారి మాట్లాడింది. ఆ ఏడాదంతా ఆమెకు రోజూ మొదటి పీరియడే పడింది.

ఆయనకు చప్పుడంటే గిట్టదు. ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినదాంట్లోని నీచం పూర్తిగా తెలియదు. గదిలో ఫ్యాను కిర్రుమంటే మే నెలలోనైనా ఆపించేవాడు. ఎదురుగా కూర్చున్న మేము చెమటలు కక్కుతూ తలలాడించేవాళ్ళం. హోటల్లో సర్వరు గ్లాసు బల్ల మీద పెట్టిన తీరు మీద ఒక ఉపన్యాసం. ఇంట్లో కుక్కరు విజిలు వేయడానికి వీల్లేదు. వాళ్ళావిడ పొయ్యి దగ్గరే నిలబడి, విజిలు కదలబోయే ముందే పొయ్యి ఆపి, మళ్ళీ వెలిగించి, మళ్ళీ ఆపి వంట చేసేది. ఆ అమ్మ చేతి పప్పు నేను తిన్నాను. సగం ఉడికీ సగం ఉడకకా ఉండేది. ఆయన మాత్రం, "మా ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉంటుందో చూడప్పా" అని మురిసిపోయేవాడు.

అట్లాంటి మనిషి చేతికి జిల్లాలో చప్పుళ్ళను కొలిచే పని వచ్చింది. ఏదో పథకం కింద మా కాలేజీకి చిన్న పెట్టెలు ఇచ్చారు. సబ్బుపెట్టె అంత ఉంటాయి. లోపల ఒక బుల్లి మైకు, బ్యాటరీ, ఫోనుకు ఉన్నట్టే ఒక సిమ్ము. తీగలేవీ అక్కర్లేదు. గోడకు తగిలిస్తే అక్కడి చప్పుడును అంకెలుగా మార్చి పంపుతుంది, మా ల్యాబులో కంప్యూటరు అందుకుంటుంది. మనుషుల చెవులకు చేటు చేసేంత చప్పుడు ఎక్కడెక్కడ ఉందో తేల్చి చిత్తూరులో జిల్లా ఆఫీసుకు రిపోర్టు పంపాలి. పెట్టెలు తగిలించడం, బ్యాటరీలు మార్చడం నా పని. అంకెలకు అర్థం చెప్పడం ఆయన పని.

అర్థం చెప్పడమంటే ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చేది. ఒక్కో పెట్టె కుప్పలు కుప్పలుగా అంకెలు పంపుతుంది. ఆయన వాటన్నిటినీ కూడించి, సగటు తీయించి, ఒక్క అంకె చేయించుకునేవాడు. దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివి, ఉంగరంతో బల్ల కొట్టి తీర్పు చెప్పేవాడు.

"అంకెకు అమ్మా నాయనా లేరప్పా. అది ఎవరి పక్కా మాట్లాడదు."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. దీనికి తోడు ఒక కొలత కూడా తనే తయారు చేశాడు. సగటు ఆరువందల లోపు ఉంటే ప్రశాంతం, దాటితే ఇబ్బంది, ఎనిమిది వందలు దాటితే ప్రమాదం. ఆరువందలే ఎందుకని ఎవరూ అడగలేదు. అప్పటికే ఉంగరం టక్కుమంది కదా.

వచ్చే సగటు ఎప్పుడూ ఒక్కటే, ఐదువందల పన్నెండు. పుత్తూరు దగ్గర రైసుమిల్లులో ఐదువందల పన్నెండు. తిరుపతిలో బస్సులు హారన్లు కొట్టుకునే కూడలిలో ఐదువందల పన్నెండు. మేళతాళాలు మోగే కల్యాణమండపంలో అదే, ఆసుపత్రి వార్డులో అదే. బుర్ర ఉన్నవాడు ఎవడైనా ఇక్కడ ఆగి తల గోక్కుంటాడు. ఈయన ఆగలేదు. దశాంశాలకు అర్థాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో అర పాయింటు తక్కువ వచ్చిందట, రోగులకు నిద్ర పట్టేది అందుకేనట. కూడలిలో బ్యాటరీ అయిపోతూ అంకె కాస్త దిగితే, "చూశావా, మనం పెట్టిన అవగాహన సదస్సు ఫలితం" అన్నాడు. నేను పోయి బ్యాటరీ మార్చాక అంకె మళ్ళీ ఎక్కింది. "జనం మళ్ళీ మొదటికి వచ్చేశారు, ఏం చేస్తాం" అని నిట్టూర్చాడు.

"బ్యాటరీ మార్చాను సార్" అన్నాను.

"బ్యాటరీ నీ సంగతి. సమాజం నా సంగతి" అన్నాడు.

చిత్తూరులో సభ పెట్టినప్పుడు మైకు పట్టుకుని, "మన జిల్లాలో శబ్దం సమతుల్యంగా ఉంది. మన ప్రజలు శబ్దంతో సామరస్యంగా జీవిస్తున్నారు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ చప్పట్లను కొలిచి ఉన్నా ఐదువందల పన్నెండే వచ్చేది.

ఇంతవరకే అయితే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. కానీ ఆ పెట్టెల్లో ఒకటి నగరిలో మా అక్క పని చేసే షెడ్డులో ఉండేది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. పెళ్ళయినప్పటి నుంచి మరమగ్గాల మీదే పని. ఆ షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్ళు గొంతుతో మాట్లాడరు. ఊరికే పెదాలు కదిలిస్తారు, ఎదుటివాళ్ళు ఆ పెదాలు చూసి మాట చదువుకుంటారు. పిల్లల సంగతి, కూర సంగతి, కోపాలు, ఎకసెక్కాలు అన్నీ అట్లాగే. అక్క ఇంట్లో కూడా ఒక్కోసారి పెదాలతోనే మొదలుపెట్టి, గుర్తొచ్చి గొంతు కలిపేది.

అప్పటికే ఆమె ఎడమ చెవి పోయింది. తిరుపతిలో చెవుల డాక్టరుకు చూపిస్తే, "పోయింది ఎటూ రాదు. రెండోది మిగలాలంటే మగ్గాల దగ్గర నుంచి లేవాల్సిందే" అన్నాడు. షెడ్డు వెనక గోడ అవతల నూలును కండెలకు చుట్టే గది ఒకటి ఉంది. అక్కడ ఇంత మోత ఉండదు. తనను అక్కడికి మార్చమని అక్క యజమానిని అడిగింది. ఆయన కాదనలేదు.

"నిన్నొక్కదాన్ని మారిస్తే రేపు అందురూ అడగతారు గదమ్మా. ఆ పెట్టె తగిలిచ్చినారు గదా. సప్పుడు జాస్తి అని పెద్దసారు రాసిస్తే నిన్ను కండెల కాడికి మారుస్తా, మిగతావోళ్ళకు సెవులకు మూతలు తెప్పిస్తా. అప్పుడు ఎవురూ నన్ను ఒక మాట అనేదానికుండదు" అన్నాడు. పనివాళ్ళందరి ముందరా అన్నాడు. మాట మీద నిలబడే మనిషే.

అంటే మా అక్క కుడిచెవి మిగలడమో పోవడమో మా సారు చదివే అంకె మీద ఆధారపడింది.

రిపోర్టు రాసేముందు ఒకసారి షెడ్డు చూడాలని నేనే పట్టుబట్టి ఆయనను తీసుకుపోయాను. దారి పొడవునా కారులో పాట పెట్టనివ్వలేదు. షెడ్డులో అడుగుపెట్టాడో లేదో రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. యజమాని దండం పెడితే తిరిగి పెట్టడానికి చేతులు లేవు. అక్క తన మగ్గం ఆపి, దాని కింద పేరుకున్న దూది పీచు తీసి, రెండు ఉండలు చేసి ఇచ్చింది. చెవుల్లో కుక్కుకున్నాడు. ఒక మంచి మాట లేదు. గోడకున్న పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు. గబగబా బయటికి పోయి, చెవుల్లో దూది ఉందన్న సంగతి మరిచి, వీధి వీధంతా వినపడేలాగా నాతో అరిచాడు.

"తల పగిలిపోతోందయ్యా. వీళ్ళు మనుషులా ఏమి?"

నాకు అక్క మొహం చూడటానికి సిగ్గేసింది. ఆమె వాకిట్లో నిలబడి నవ్వుతోంది.

"మెత్తని సెవులు, పాపం. ఆయప్పకు తెలిసిపోయింది గదా, ఇంగ రాస్తాడులే" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం ఎంత తేటగా ఉందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

కారెక్కగానే ఆయన దూది పీకి కిటికీలోంచి పారేసి, ఏసీ పెంచమన్నాడు.

ఆ వారంలోనే రిపోర్టు తయారైంది. షెడ్డు సగటు ఐదువందల పన్నెండు, ప్రశాంతం. కింద ఆయన సంతకం, మెలికలు తిరిగి.

"సార్, మీరే చెవులు మూసుకున్నారు కదా?" అన్నాను.

"అది నా అనుభవం. ఇది అంకె. అనుభవాన్ని రిపోర్టులో రాస్తే సైన్సు కాదప్పా" అన్నాడు.

ల్యాబులోకి వచ్చి కోపం పట్టలేక బీరువా సర్దుతూ కూర్చున్నాను. అందులో, బ్యాటరీ తీయడం మరిచిన పెట్టె ఒకటి గుడ్డల మధ్య కనపడింది. కంప్యూటరులో చూస్తే అది కూడా అంకెలు పంపుతూనే ఉంది. దాని సగటు తీశాను. ఐదువందల పన్నెండు. తలుపు మూసిన బీరువాకూ, మరమగ్గాల షెడ్డుకూ ఒకటే అంకె.

సగటు పక్కనబెట్టి, వచ్చిన అంకెలను వచ్చినట్టే చూశాను. విషయం పెద్ద కష్టమేమీ కాదు. ఏ చప్పుడూ లేనప్పుడు ఆ మైకు అంకె ఐదువందల పన్నెండు దగ్గర నిలబడి ఉంటుంది. చప్పుడు తగిలితే అక్కడి నుంచి పైకీ కిందికీ ఊగుతుంది. చిన్న చప్పుడైతే కొంచెం, పెద్ద చప్పుడైతే ఈ చివర నుంచి ఆ చివరికి. చూడాల్సింది ఎంత ఊగిందన్నది. సగటు తీస్తే పైకి పోయిందీ కిందికి పోయిందీ ఒకదానికొకటి చెల్లిపోయి మళ్ళీ నడిమి అంకే మిగులుతుంది. పిల్లలు ఉయ్యాల ఎంత గట్టిగా ఊగినా సగటున అది మధ్యలోనే ఉన్నట్టు లెక్క. బీరువాలో పెట్టె అంకె కదలనే లేదు. అక్క షెడ్డులో పెట్టె అంకె సున్నా దాకా పడిపోయి, వెయ్యి దాటి లేచి, మళ్ళీ పడిపోతోంది. ఆ పెట్టె మొదటినుంచీ నిజమే చెప్తోంది.

ఆ సాయంత్రమే పెట్టె, ల్యాప్‌టాపు పట్టుకుని ఆయన ఇంటికి పోయాను. సోఫాలో కూర్చుని కాఫీ చల్లార్చుకుంటున్నాడు. పెట్టె బల్ల మీద పెట్టి, సగటు చూపించాను. వాళ్ళావిడను అడిగి ఒక స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చుకుని పెట్టె పక్కనే వాయించాను. ఆయన ఎగిరిపడ్డాడు. కాఫీ చొక్కా మీద ఒలికింది. వంటింటి గుమ్మంలో ఆ అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోవడానికే అనుకుంటాను. ల్యాప్‌టాపులో సగటు మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఇంకోసారి వాయించమంటారా సార్?"

"వద్దు" అన్నాడు.

నుదుటి మీది కళ్ళద్దాలు దించుకున్నాడు. ఆయన అట్లా దించుకోగా నేను చూసింది అదొక్కసారే. పళ్ళెం వాయించిన చోట తెర మీద అంకెల గీత ఎట్లా లేచి పడిందో చూశాడు. చాలాసేపు చూశాడు. అర్థమైంది. ఆయన మొద్దు కాదు. ఆ కాసేపు నేను ఆయన మీద ఆశ పెట్టుకున్నాను. అయ్యో ఎంత పొరపాటు చేశామని ఒక్క మాట అని ఉంటే, ఇప్పుడు ఇదంతా రాసేవాణ్ణి కాదు, ఆయన ఫోటోకు మొదటి దండ నేనే తెచ్చేవాణ్ణి.

"ఇది ఇంకా ఎవరికి చెప్పినావు?" అన్నాడు.

"ఎవరికీ లేదు సార్."

"మంచిది. చెప్పబాకు."

"సార్, రిపోర్టు..."

"రిపోర్టు చిత్తూరుకు పోయింది. అంతమంది పెద్దల్లో నాకు శాలువా కప్పినారు. ఇప్పుడు పోయి తప్పు రాసినానని చెప్తే నా మొహం ఏమి కావాల?"

"మా అక్కకు మిగిలింది ఒక్క చెవే సార్. ఆ షెడ్డు ఒక్కటైనా తిరగరాయండి. మళ్ళీ కొలిచాం, ఈసారి ఎక్కువ వచ్చిందని రాద్దాం. మీ పేరుకేమీ రాదు. నేనే రాసి తెస్తాను, మీరు సంతకం పెడితే చాలు."

"ఒకటి మారిస్తే మిగతావాళ్ళూ అడుగుతారప్పా. రైసుమిల్లు దగ్గరుండేవాళ్ళు అడుగుతారు, మండపం పక్కనుండేవాళ్ళు అడుగుతారు. యాడికని పోయేది?"

"చెవి పోతుంది సార్."

ఉంగరంతో బల్ల కొట్టాడు.

"దూది పెట్టుకోమను. ఆమెకు తెలుసు గదా, నాకిచ్చిందే."

ఆయన దుర్మార్గుడని నేను అనను. చీమను తొక్కేవాడు కాదు. మా నాయనకు ఒంట్లో బాగాలేనప్పుడు తన కారిచ్చి ఊరికి పంపాడు. ఆ మంచితనం గుర్తొస్తే నాకు ఇంకా కంపరం పుడుతుంది. తన పేరుకు నష్టం లేని చోటల్లా ఆయన మంచివాడే. పేరుకు చిన్న గీత పడుతుందంటే మాత్రం ఎదుటి మనిషి చెవి ఏమైనా ఫరవాలేదు. ఇట్లాంటివాళ్ళను పెద్దమనుషులు అంటాం. ముందు కుర్చీ వేస్తాం.

షెడ్డు యజమాని దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. అప్పటికే ఆయన ఆ రిపోర్టుకు పటం కట్టించి గోడకు తగిలించాడు.

"నువ్వు సెప్పేది నిజమే గావచ్చబ్బా. నాకూ సెవులుండాయి. అయితే ఆడుండే సంతకం మీ సారుది, నీది గాదు. ఆయన్ను ఒక ముక్క రాసియ్యమను, ఈ పొద్దే మారుస్తా" అన్నాడు.

చిత్తూరులో ఆఫీసుకు పోయాను. రాసిన మనిషే తప్పని ఒప్పుకుంటే చూద్దామన్నారు. ఎటు తిరిగినా మళ్ళీ ఆ సోఫా దగ్గరికే రావాల్సి వచ్చింది. ఎన్నిసార్లో పోయాను. బతిమాలాను. చివరిసారి గేటు దగ్గరే వాళ్ళావిడ ఎదురొచ్చి, నా మొహం చూడకుండా, "నిద్రపోతున్నారు నాయనా" అంది. లోపల ఆయన దగ్గు వినపడుతూనే ఉంది.

అక్క మగ్గం మీదే ఉండిపోయింది. మానేయమని నేను పోరాను. "మానేసి ఏం తినేది అబ్బోడా? ఈ ఊర్లో ఇంగో పని నాకు యాడుండాది?" అంది. దూది పెట్టుకుంది. మగ్గాల మోతకు దూది ఏమి ఆపుతుంది? మొదట్లో ఫోనులో, "గట్టిగా మాట్లాడు, నీ గొంతు మారిందేంది?" అనేది. తర్వాత్తర్వాత ఫోను ఎత్తడం మానేసింది. నేను చేస్తే ఆమె కూతురు ఎత్తి, "అమ్మకిస్తే లాభం లేదు మామా, నాకు సెప్పు, సైగ జేస్తా" అనేది. ఆ పిల్ల అది ఎంతో మామూలుగా చెప్పేది.

ఆ కాలమంతా మా సారుకు సన్మానాల మీద సన్మానాలు. తన రిపోర్టులన్నీ కలిపి పుస్తకం వేయించి, నాక్కూడా ఒకటి సంతకం చేసి ఇచ్చాడు. ల్యాబులో ఊగే బల్ల ఒకటి ఉంది. ఆ పుస్తకం దాని కాలి కింద సరిగ్గా సరిపోయింది. ఆయన రాతల్లో నాకు పనికొచ్చింది అదొక్కటే.

ఆయన పోయిన కొద్ది రోజులకు తిరుపతిలో సంతాపసభ పెట్టారు. నువ్వు దగ్గరగా పని చేసినవాడివి, రెండు మాటలు మాట్లాడాలని కాలేజీ నుంచి ఒకటే ఫోన్లు. రానని చెప్పేశాను. ఆ రోజు అక్కను చెవుల డాక్టరుకు చూపించడానికి పిలిపించాను. మిషను పెడితే కొంచెమైనా వినపడుతుందేమోనని ఆశ. డాక్టరు పరీక్షలన్నీ చేసి, నా వైపు తిరిగి, "మిషను పెట్టినా లాభం లేదు" అన్నాడు. ఆమెకు ఎట్లా చెప్పాలా అని నేను ఆలోచిస్తున్నాను. ఆమె అప్పటికే డాక్టరు పెదాలు చదివేసింది. కొంగు భుజం మీద సర్దుకుని, "పోదాం పా" అంది.

ఆ మెట్లు దిగుతుంటే నాకు మనసు మారింది. ఈ మనిషిని ఏమేమని పొగుడుతారో విని తీరాలనిపించింది. నగరి బస్సుకు ఇంకా సమయం ఉంది. అక్కను వెంటబెట్టుకుని ఆ హాలుకు పోయి వెనక వరసలో కూర్చున్నాను. ఎవరి సభో ఆమెకు చెప్పలేదు.

వేదిక మీద ఆయన ఫోటో, గులాబీల దండ. ఒకరి వెనక ఒకరు లేచి మాట్లాడారు. నిశ్శబ్దాన్ని ప్రేమించిన మహానుభావుడన్నారు. అంకెల్లో నిజాయితీ చూపించినవాడన్నారు. నేను కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అక్క కాసేపు వాళ్ళ పెదాలు చదవాలని చూసింది. ప్రతివాడూ మైకును మూతికి ఆనించుకుని మాట్లాడుతున్నాడు, ఏమీ కనపడలేదు. విసుగొచ్చి ఫోటో వంక చూస్తూ కూర్చుంది. చూసిన కొద్దీ ఆమె నొసలు ముడిపడింది.

చివరికి అధ్యక్షుడు అందరినీ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. లేచాం. అక్క కూడా లేచింది. చుట్టూ చూసింది. అందరూ నిలబడి ఉన్నారు, ఎవరి పెదాలూ కదలడం లేదు. సభ అయిపోయిందనుకుంది. తన గొంతు ఎంత పెద్దదో ఇప్పుడు ఆమెకు తెలియదు. నా మోచెయ్యి పట్టుకుని, ఫోటో వైపు వేలు చూపించి, మగ్గాల మీదుగా కేకేసే గొంతుతో అడిగింది.

"అబ్బోడా, మన షెడ్డుకొచ్చిన ఆయప్ప గదా ఈయన? సప్పుడు లేదని రాసినాయన?"

హాలులో ఆ మూల నుంచి ఈ మూల దాకా వినపడింది. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. వాళ్ళావిడ కూడా తిరిగి చూసింది. నేను గొంతు ఎత్తలేదు. అక్కకు ఎదురుగా తిరిగి, పెదాలతో మాత్రమే, అవును ఆయనే అన్నాను.

ఆమె ఫోటోను ఇంకోసారి చూసింది. లెక్క తప్పి అట్లా జరిగిందని మాత్రమే ఆమెకు తెలుసు. మిగతాది నేను ఎన్నడూ చెప్పలేదు.

"పోన్లే పాపం. తెలీక రాసినాడు" అంది.

అప్పుడు నేను ఆగలేకపోయాను. ఒక్కొక్క మాటా విడివిడిగా, ఏ చప్పుడూ లేకుండా, పెదాలతో చెప్పాను. తర్వాత తెలిసింది. నేనే చూపించాను. తెలిసినాక కూడా మార్చలేదు.

చదివిన మాట సరిగ్గా చదివానో లేదో చూసుకోవడానికి దాన్ని పైకి అనడం ఆమెకు అలవాటు. నా పెదాల మీద నుంచి చూపు తీయకుండా, నిదానంగా, పెద్దగా అంది.

"తర్వాత తెలిసిందా. నువ్వే సూపిచ్చినావా. తెలిసినాక గూడా మార్సలేదా."

నేను తలాడించాను. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. రెండు నిమిషాలు ఇంకా కాలేదు. మౌనం పాటిస్తున్నారు కాబట్టి ఆమెకు ఎవరూ బదులు చెప్పలేకపోయారు.